ఫ్లోరిన్ ఊళ్ళో పుట్టినదాన్ని, ఫ్లోరైడ్ పేస్టు కొంటున్నాను

మా పెద్దవాడి పళ్ళకు క్లిప్పులు తీసిన రోజు నేను కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాను. రెండేళ్ళ పైచిలుకు బిగించి ఉంచిన తీగ ముందు వచ్చేసింది. తరవాత ఒక్కో బ్రాకెట్టునూ చిన్న పటకారు లాంటిదానితో నొక్కి ఊడదీశారు. పంటికి మిగిలిపోయిన జిగురు గీకి, నీళ్ళు చల్లి, గాలి ఊది ఆరబెట్టారు. పళ్ళు వరసలోకి వచ్చాయి. ఎత్తుపళ్ళు పోయాయి. కానీ ఆరిన పళ్ళమీద ఇంకోటి బయటపడింది. గోడకు ఏళ్ళ తరబడి వేలాడిన క్యాలెండరు తీసేస్తే, దాని వెనక గోడ పాత రంగులోనే ఉండి చుట్టూ వెలిసిపోయి కనిపిస్తుంది చూడండి, అచ్చం అలాగే. బ్రాకెట్టు అంటించిన చోట పన్ను నిగనిగలాడుతోంది. దాని చుట్టూ, చిగుళ్ళ వైపు మరీనూ, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి అంచు. పైవరసలో కోరపళ్ళకూ వాటి పక్కనున్న చిన్న పళ్ళకూ బాగా తెలుస్తోంది.

వాడు అద్దంలో చూసుకుని, "అమ్మా, తోమితే పోతాయా ఇవి?" అన్నాడు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఆ మచ్చలు పైన అంటినవి కావని, పన్ను లోపలి సున్నం కరిగిపోయి ఏర్పడినవని నాకు తెలుసు. తెలిసీ రెండేళ్ళు నా ఇంట్లో జరుగుతున్నది చూడలేకపోయాను. పైగా అందులో నా చెయ్యీ ఉంది. అది చెప్పుకోవాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది పొదిలి పక్కన పల్లె. ఇప్పుడు ఒంగోల్లో కర్నూలు రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్నాం గానీ, నాకు పదిహేనేళ్ళు వచ్చేదాకా ఆ ఊరి బావి నీళ్ళు, తరవాత బోరు నీళ్ళు తాగి పెరిగాను. నా పైపళ్ళమీద అడ్డంగా తెల్లటి చారలు, వాటి మధ్య గోధుమరంగు మరకలు ఉంటాయి. మా తరంలో మా ఊళ్ళో పుట్టినవాళ్ళు నవ్వితే చాలు, ఎక్కడివాళ్ళో చెప్పేవాళ్ళు. గారపళ్ళ ఊరని పేరు. పెళ్ళిచూపుల్లో నోరు విప్పకుండా కూర్చున్న పిల్లలు ఎంతమందో. మా నాయనకు అరవై దాటేసరికి వెన్ను వంగక, మెడ తిరగక, మంచంమీదనుంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. "ఫ్లోరిన్ నీళ్ళమ్మా" అనేవాడు, ఎవరిమీదా కోపం లేకుండా.

మన దేశంలో ఈ జబ్బు సంగతి మొదట బయటపడింది మా చుట్టుపక్కలే. 1930ల్లో దర్శి ప్రాంతం రైతులు తమ ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడం గమనించారు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారు. అందులోని మనుషులు అప్పటి నెల్లూరు జిల్లా వాళ్ళు. పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. అంటే మా జిల్లా పుట్టకముందే మా జబ్బుకు పుస్తకాల్లో పేరు ఉంది.

అలాంటి ఊరినుంచి వచ్చిన నేను, పెళ్ళై పిల్లలు పుట్టాక ఒక ఒట్టు పెట్టుకున్నాను. నా ఇంట్లో ఫ్లోరిన్ అనే మాట ఉన్న వస్తువేదీ అడుగు పెట్టకూడదు. అంగట్లో పేస్టు ట్యూబు తిప్పి వెనక రాసింది చదివి, ఫ్లోరైడ్ లేనిది ఏరి తెచ్చేదాన్ని. లవంగం, వేప, ఉప్పు అని రాసినవి తెచ్చి పిల్లలకు ఇచ్చేదాన్ని. పెద్దవాడికి పదో తరగతి మొదట్లో క్లిప్పులు వేసినప్పుడు ఆ డాక్టరు ఒక కాగితంమీద ఫ్లోరైడ్ పేస్టు, ఫ్లోరైడ్ మౌత్‌వాష్ రాసిచ్చారు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంటికొచ్చి కాగితం మడిచి బీరువాలో పెట్టేశాను.

ఆ కాగితమే వాడి పళ్ళను కాపాడగలిగేది.

మా అమ్మాయికి క్లిప్పులు వెయ్యాల్సిన వేళ వచ్చింది. ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నా పళ్ళు చూసి ఆమె మొదటి ప్రశ్న, "టీచరుగారూ, మీది కనిగిరి వైపా, పొదిలి వైపా?" రెండో ప్రశ్న, "పాప చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగింది?" మా పిల్లలిద్దరూ ఒంగోల్లో పుట్టారు. ఇక్కడ మేం తాగింది సాగరు కాలువ నీళ్ళే, బోరు నీళ్ళు కావు. ఆమె తలూపి, నా భయం ఏమిటో నాచేతనే చెప్పించుకుని, అరగంట కూర్చోబెట్టి మాట్లాడారు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ అరగంటే.

ఆమె చెప్పింది నా మాటల్లో చెబుతాను. తెల్లమచ్చలు రెండు రకాలు. నా పళ్ళమీద ఉన్నవి ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చినవి. మా వాడి పళ్ళమీద ఉన్నవి ఫ్లోరైడ్ అందక వచ్చినవి. చూపుకు రెండూ తెలుపే, పుట్టుక మాత్రం ఎదురెదురు.

నా పళ్ళు పాడైంది అవి నోట్లోకి రాకముందు. బిడ్డ పుట్టినప్పటినుంచి సుమారు ఎనిమిదేళ్ళ లోపు, దవడ ఎముక లోపల శాశ్వత దంతాల పైపొర తయారవుతూ ఉంటుంది. ఆ ఏళ్ళలో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ రక్తం వెంట అక్కడికి చేరి, ఎనామిల్ కట్టే కణాల పని చెడగొడుతుంది. అందుకే ఆ చారలు జతపళ్ళకు ఒకేలా, కుడి ఎడమల్లో అద్దం పెట్టినట్టు వస్తాయి. ఎనిమిదేళ్ళు దాటాక జ్ఞానదంతాలు తప్ప మిగతావన్నీ కట్టడం పూర్తయిపోతుంది. ఆ తరవాత పన్ను పైన ఎంత ఫ్లోరైడ్ రాసినా ఈ చారలు రావు. ఆ ఈడు దాటినా ఫ్లోరిన్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు మాత్రం హాని తప్పదు, మా నాయనకు జరిగినట్టు. అది తాగడంవల్ల వచ్చే హాని, తోమడంవల్ల వచ్చేది కాదు.

నేను వెంటనే అంకెల్లోకి దిగాను. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా పనికొస్తుందని మన దేశపు ప్రమాణం. పేస్టు ట్యూబుమీద చూస్తే 1000 పీపీఎం అని ఉంటుంది. 1.5 ఎక్కడ, 1000 ఎక్కడ! నన్ను ఇన్నేళ్ళు భయపెట్టింది ఈ అంకె. కానీ లెక్క కట్టి చూడండి. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు రోజుకు మూడు లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతాయి. ప్రతిరోజూ, ఏళ్ళ తరబడి. 1000 పీపీఎం పేస్టులో ఒక గ్రాముకు ఉండేది ఒక మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము ఉంటుందనుకుంటే, అందులో పావు మిల్లీగ్రాము. అందులోనూ ఎక్కువ భాగం ఉమ్మేస్తాం. పాఠం చెప్పేటప్పుడు మోతాదు గురించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. నా ఇంటి సంగతికి వచ్చేసరికి ఆ లెక్క వెయ్యలేదు.

ఇక మా వాడి మచ్చలు. మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది పంటి ఎనామిల్. బరువులో నూటికి 96 వంతులు ఖనిజమే, కాల్షియం, ఫాస్ఫేటు కలిసి కట్టిన స్ఫటికాలు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, ఎందుకంటే అందులో ప్రాణమున్న కణాలున్నాయి. ఎనామిల్‌లో కణాలు లేవు. పోయింది మళ్ళీ మొలవదు. ఇంత గట్టిదానికీ ఆమ్లానికి మాత్రం లొంగిపోయే గుణం ఉంది. నోట్లో పీహెచ్ 5.5 కంటే దిగితే స్ఫటికాలు కరగడం మొదలవుతుంది. ఆ ఆమ్లం వచ్చేది పాచినుంచి. పాచి అంటే పళ్ళకు అంటుకుని బతికే సూక్ష్మజీవుల పేటే. మనం తిన్న తీపిని అవీ తింటాయి, తిని ఆమ్లం విడుస్తాయి. 1940ల్లో స్టీఫన్ అనే అమెరికా శాస్త్రవేత్త చక్కెర నీళ్ళతో పుక్కిలించాక పాచిలో పీహెచ్ ఎలా మారుతుందో కొలిచాడు. నిమిషాల్లో కింద పడుతుంది, మళ్ళీ లాలాజలం దాన్ని పైకి తెచ్చేసరికి అరగంటనుంచి గంట దాకా పడుతుంది. పడి లేచే ఈ గీతను నేను బోర్డుమీద వేసి పిల్లలకు చూపిస్తాను. ఒక బిస్కెట్టుకు ఒక గుంట. గంట గంటకూ ఏదో ఒకటి నములుతుంటే గీత అసలు పైకి లేవదు.

మామూలు నోట్లో ఈ కరగడం, మళ్ళీ కట్టుకోవడం రోజంతా జరుగుతూనే ఉంటాయి. లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. అవి తిరిగి పంటిలోకి చేరతాయి. నాలుక, పెదవులు పళ్ళను నిత్యం తుడుస్తూ ఉంటాయి. క్లిప్పులు వేశాక ఏమవుతుందంటే, ఒక్కో పంటిమీద ఒక గడప, దాని మీదుగా ఒక తీగ, దాన్ని పట్టుకుని ఒక రబ్బరు. గడప మూలల్లో దుమ్ము నిలిచినట్టు పాచి నిలుస్తుంది. లాలాజలం అక్కడికి సరిగా పోదు, నాలుక అందదు, మామూలు బ్రష్షు వెంట్రుకలు పైపైన జారిపోతాయి. నార్వేలో ఓగార్డ్ అనే దంత శాస్త్రవేత్త 1988లో చూపించినదేమిటంటే, పాచి నిలిచేలా వదిలేసి ఫ్లోరైడ్ అందకుండా చేస్తే కంటికి కనిపించే తెల్లమచ్చ రావడానికి నాలుగు వారాలు చాలు. నాలుగు వారాలంటే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళే గడువు. ఒకసారి తీగ బిగించుకుని వచ్చి, రెండోసారి వెళ్ళేలోపే మచ్చ పుట్టొచ్చన్నమాట. అంతకుముందే, 1982లో, అమెరికాలో చికిత్స పూర్తయిన పిల్లలను పరీక్షిస్తే సగంమందికి కనీసం ఒక్క మచ్చయినా ఉంది. మా వాడు ఒంటరి కాడు. నాకు అది ఊరటగా అనిపించలేదు.

ఫ్లోరైడ్ ఇక్కడేం చేస్తుంది? కరిగిన చోట మళ్ళీ స్ఫటికం కట్టుకునేటప్పుడు లాలాజలంలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే, అదీ స్ఫటికంలో కలుస్తుంది. అలా కట్టుకున్నది ముందున్నదానికంటే గట్టిది. దాన్ని కరిగించాలంటే పీహెచ్ 4.5 దాకా పడాలి. పైగా కట్టుకునే పనీ వేగంగా సాగుతుంది. కావలసింది కొద్దిగానే, కానీ రోజూ, పన్ను పైన, తెగకుండా ఉండాలి. ఈ సంగతి లోకానికి తెలిసింది కూడా మా లాంటి గారపళ్ళవాళ్ళవల్లే. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో మెక్‌కే అనే పళ్ళ డాక్టరు అక్కడి జనం పళ్ళమీద గోధుమరంగు మరకలు చూసి ఆశ్చర్యపోయాడు. ఆ మరకల పళ్ళు తొందరగా పుచ్చవని తరవాత గమనించాడు. ఆ మరకలకు కారణం నీటిలోని ఫ్లోరైడేనని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. ఎక్కువైతే మచ్చ, తగుమాత్రం అయితే కవచం. మా ఊళ్ళో మేం ఒక్క సగమే చూశాం.

డాక్టరమ్మ ఇంకోటి చెప్పారు. పడమటి మండలాల పిల్లలకు బ్రాకెట్లు ఊడిపోవడం కాస్త ఎక్కువట. బ్రాకెట్టు అంటించేముందు పంటిమీద ఫాస్ఫారిక్ ఆమ్లం రాసి కొద్దిగా గరుకు చేస్తారు. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికన్ కనిపెట్టిన పద్ధతి అది. ఫ్లోరోసిస్ వచ్చిన పంటి పైపొర ఆమ్లానికి అంత సులువుగా గరుకెక్కదు, జిగురు పట్టు తగ్గుతుంది. అందుకే ఆమె ముందు ఊరి పేరు అడుగుతారు. బ్రాకెట్టు సగం ఊడి వేలాడుతుంటే ఆ సందులోకి పాచి దూరుతుంది. అలా ఊడితే తరవాతి తేదీ దాకా ఆగకుండా వెంటనే వెళ్ళాలి.

అమ్మాయికి క్లిప్పులు వేసిన రోజునుంచి మా ఇంట్లో పద్ధతి మారింది. ముందు పేస్టు. మన దేశంలో అంగట్లో అమ్మే పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదని చట్టం. ఎంతుందో, ఏ తేదీ లోపల వాడాలో ట్యూబుమీదా అట్టపెట్టెమీదా రాయాలి. కాబట్టి రంగులు, వాసనలు, ముందువైపు బొమ్మలు వదిలేసి ట్యూబు తిప్పి ఆ అంకె వెతకండి. 1000కి దగ్గరగా ఉంటే చాలు, ఖరీదైనదే కానక్కర్లేదు. ఏ అంకే లేకపోతే క్లిప్పుల పిల్లలకు అది పనికిరాదు. వేప, లవంగం ఉండడంలో తప్పేమీ లేదు, వాటితోపాటు ఫ్లోరైడ్ ఉందా అనేదే చూడాలి. వేపపుల్ల గురించి మా అత్తగారు అడిగారు. ఆమె పళ్ళు ఈ వయసులోనూ గట్టిగా ఉన్నాయి, వేపపుల్లే కారణమంటారు. క్లిప్పులు లేని పళ్ళకు ఆమె మాట కాదనను. కానీ పుల్ల తీగ కిందికి దూరదు, బలవంతంగా దూరిస్తే బ్రాకెట్టు ఊడుతుంది. కచ్చికపొడి, బొగ్గుపొడి మాత్రం వద్దేవద్దు. మెత్తబడ్డ ఎనామిల్‌ను అవి ఇంకా గీస్తాయి.

తోమే వరస కూడా మార్చుకున్నాం. ముందు మంచినీళ్ళు నోటినిండా పోసుకుని గట్టిగా పుక్కిలించి, ఇరుక్కున్న మెతుకులూ కరివేపాకు తునకలూ పోగొట్టడం. తరవాత సీసా కడిగే బ్రష్షుకు పిల్లలా ఉండే చిన్న బ్రష్షు ఒకటి ఉంటుంది, దాన్ని తీగ కిందినుంచి ప్రతి బ్రాకెట్టుకూ అటూ ఇటూ దూర్చడం. ఆ తరవాతే పేస్టు. బ్రష్షును ముందు చిగుళ్ళ వైపునుంచి ఏటవాలుగా బ్రాకెట్టు పైఅంచుకు, తరవాత కిందినుంచి కింది అంచుకు. రెండు నిమిషాలు. చివర్న నురుగు ఉమ్మేసి, అంతటితో వదిలెయ్యాలి. నీళ్ళతో కడగకూడదు. ఇది మా ఇంట్లో అందరికీ కష్టమైంది. నోరు కడుక్కోకుండా ఎలా ఉంటారని మా ఆయన ఇప్పటికీ అంటారు. కానీ కడిగితే కష్టపడి రాసిన ఫ్లోరైడంతా వాష్‌బేసిన్‌లోకి పోతుంది. ముందు పుక్కిలించడం, తరవాత తోమడం అని తిప్పి పెట్టాక అమ్మాయికి ఆ ఇబ్బంది తగ్గింది.

రాత్రి తోమడం పొద్దుటిదానికంటే ముఖ్యమని మరీ మరీ చెబుతున్నాను. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది. రాత్రి తోమాక మంచినీళ్ళు తప్ప ఇంకేదీ వద్దు, పాలు కూడా ముందే తాగెయ్యాలి.

మౌత్‌వాష్ అంటే మందుల షాపులో అద్దాల వెనక రంగురంగుల సీసాలు కనిపిస్తాయి. అన్నిటిలో ఫ్లోరైడ్ ఉండదు. కొన్ని నోటి వాసన కోసం మాత్రమే. రోజూ వాడేది 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్, అంటే 225 పీపీఎం చిల్లర. పేస్టుకంటే బలం తక్కువ. అందుకే తోమిన వెంటనే దీనితో పుక్కిలిస్తే లాభం బదులు నష్టం. ఎక్కువున్నదాన్ని తక్కువున్నదానితో కడిగేసినట్టు. తోమడానికీ దీనికీ ఎడం ఉండాలి. మా అమ్మాయి బడినుంచి రాగానే, ఏదైనా తినేసి నీళ్ళతో పుక్కిలించి, ఆ తరవాత మౌత్‌వాష్ మూత కొలతతో పోసుకుని ఒక నిమిషం బుగ్గల్లో తిప్పి ఉమ్మేస్తుంది. అరగంట ఏమీ తినదు, తాగదు. ఆ అరగంట మా ఇంట్లో లెక్కల హోంవర్కు.

ఆరేళ్ళ లోపు పిల్లలకు మౌత్‌వాష్ ఇవ్వకూడదు, మింగేస్తారు. ఇంకో సీసా ఉంది, క్లోర్‌హెక్సిడిన్. చిగుళ్ళు వాచి రక్తం వస్తుంటే డాక్టరు కొద్దిరోజులకు రాస్తారు. అది సూక్ష్మజీవులను చంపుతుంది, నిజమే. కానీ వారాల తరబడి వాడితే పళ్ళకూ నాలుకకూ గోధుమరంగు పడుతుంది, రుచి తెలియకుండా పోతుంది. చీటీ పాతదే పట్టుకుని షాపులో మళ్ళీ మళ్ళీ కొనేవాళ్ళను నేను చూశాను. అది మామూలు మౌత్‌వాష్ కాదు. పేస్టులో నురుగు తెప్పించే పదార్థం దాని బలాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి తోమాక అరగంట ఆగే వాడాలి.

ఇంత చేసినా ఎంత లాభం అని అడిగేవాళ్ళుంటారు. స్వీడన్‌లో 2014లో వచ్చిన ఒక పరీక్షలో క్లిప్పుల పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అక్కడి మామూలు 1450 పీపీఎం పేస్టు, రెండోదానికి 5000 పీపీఎం పేస్టు ఇచ్చారు. మచ్చలు మొదటి జట్టులో వందకు సుమారు 27, రెండో జట్టులో సుమారు 18. ఆ 5000 పేస్టు డాక్టరు చీటీమీదే వాడాల్సింది, మనం సొంతంగా తెప్పించుకునేది కాదు. ప్రపంచంలోని ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి తూకం వేసే కాక్రేన్ సమీక్ష 2019లో ఈ ఫలితాన్నీ లెక్కలోకి తీసుకుంది. మొత్తంమీద ఆధారాలు ఇంకా బలపడాలనే చెప్పింది. మౌత్‌వాష్ సంగతికొస్తే, అమెరికాలో 1990ల మొదట్లో చూసినప్పుడు క్రమం తప్పకుండా పుక్కిలించిన పిల్లలకు మచ్చలు తగ్గాయి, కానీ చెప్పినట్టు రోజూ పుక్కిలించినవాళ్ళు బహు కొద్దిమంది. నాకు ఇందులో కనిపించేది ఒకటే. సీసా కొనడం తేలిక. నాలుగొందల రోజులు అదే గంటకు మూత విప్పడం కష్టం. అందుకే మా వంటింటి గోడమీది క్యాలెండరులో అమ్మాయి రోజూ టిక్కు పెడుతుంది. టిక్కు లేని రోజు నేను తిట్టను, చూపిస్తానంతే.

పెద్దవాడి దగ్గర ఇది జరగలేదని చెప్పాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇంటర్‌కి వాడిని హాస్టల్లో వేశాం. తెల్లవారుజామున లేపితే ఒక్కో కుళాయి దగ్గర పదిమంది. రాత్రి స్టడీ అవర్ అయ్యేసరికి పదకొండు. పిల్లాడు తోమకుండానే పడుకునేవాడు. ఆకలేస్తే బిస్కెట్లు, క్రీము రొట్టె, ఆదివారం మేం తీసుకెళ్ళిన సున్నుండలు డబ్బాలోంచి రోజంతా ఒక్కొక్కటి. మన జిల్లాల్లో పిల్లలకు క్లిప్పులు వేసే వయసూ హాస్టలుకు పంపే వయసూ ఒకటే అవుతోంది. పంపేముందు రాత్రి ఎన్నింటికి దీపాలార్పుతారో అడిగినట్టే, తోముకోవడానికి సందుందా అని కూడా అడగండి. పిల్లాడు బ్యాగులో చిన్న బ్రష్షు పెట్టుకుని తిరిగితే తోటివాళ్ళు నవ్వుతారని వార్డెనుకు ముందే చెప్పండి.

తిండి దగ్గర నేను మరీ కఠినం కాదు. ఒంగోల్లో ఉండి అల్లూరయ్య మైసూరుపాకు తినొద్దని పిల్లకు చెప్పడం అన్యాయం. భోజనంతోపాటు ఒక ముక్క తిని నీళ్ళతో పుక్కిలిస్తే పీహెచ్ గీతలో ఒక్క గుంటే. అదే ముక్కను నాలుగు చిదపలు చేసి సాయంత్రమంతా చప్పరిస్తే నాలుగు గుంటలు. జీళ్ళు, పప్పుచెక్క, చాక్లెట్టు మాత్రం బ్రాకెట్టునూ పీకుతాయి, అంటుకునీ ఉంటాయి. జామకాయ, చెరుకు ముక్క కొరకడం ఆపి, జామకాయను ముక్కలు కోసి ఇస్తున్నాను. మిరపకాయ బజ్జీ గురించి అమ్మాయి భయపడింది. కారం ఎనామిల్‌ను ఏమీ చెయ్యదు, బజ్జీ పక్కన తాగే సోడాయే చేస్తుంది. సీసా కూల్‌డ్రింకులో చక్కెరా ఆమ్లమూ రెండూ ఉంటాయి. పులుపు తాగిన వెంటనే తోమకూడదు, అరగంట ఆగాలి. మజ్జిగ తాగమంటే తాగుతోంది.

పెద్దవాడి మచ్చలకు ఏం చేశామో కూడా చెప్పాలి. మొదటి ఆరు నెలలు ఏమీ చెయ్యలేదు. శుభ్రంగా తోమడం, మామూలు ఫ్లోరైడ్ పేస్టు, అంతే. పాచి అడ్డు తొలగాక లాలాజలం తన పని తాను చేసుకుంటుంది. కొన్ని మచ్చలు సన్నబడ్డాయి. అప్పుడే చాలా బలమైన ఫ్లోరైడ్ పూస్తే పైపొర ముందుగా గట్టిపడి లోపలి తెలుపు అలాగే మూతపడిపోవచ్చని డాక్టరమ్మ తొందరపడలేదు. పాలలోని కేసీన్‌నుంచి మెల్‌బోర్న్‌లో రేనాల్డ్స్ బృందం తయారుచేసిన పూత ఒకటి రాశారు. కాల్షియం, ఫాస్ఫేటు మోసుకొచ్చే పాల ప్రోటీను అది. పాల ప్రోటీను పడనివాళ్ళు వాడకూడదు. దాని లాభంమీద పరిశోధనలు ఒక్క మాట చెప్పడంలేదని ఆమే అన్నారు. మిగిలిన రెండు కోరపళ్ళ మచ్చల్లోకి పల్చటి రెసిన్ ఇంకించే పద్ధతి ఉంది. జర్మనీనుంచి 2009లో వచ్చింది. పన్ను అరగదియ్యకుండానే తెలుపు కనపడకుండా చేస్తుంది. అది చేయించాలా వద్దా అన్నది వాడికే వదిలాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.

మొన్న సంక్రాంతికి పొదిలి వెళ్ళాం. మా చెల్లెలి కూతురికి పదమూడు. ఎత్తుపళ్ళు, ఎండాకాలం సెలవుల్లో క్లిప్పులు వేయిస్తారట. చెల్లెలు నా సంచిలోంచి పేస్టు ట్యూబు తీసి చూసి, "అక్కా, ఇందులో ఫ్లోరైడ్ ఉందే! నువ్వేనా కొన్నావు?" అంది.

"దీనికి ఇదే పెట్టు. నువ్వు తాగే నీళ్ళేవో ముందు చెప్పు" అన్నాను.

వంటకూ తాగడానికీ ఇప్పుడు క్యాను నీళ్ళే వాడుతున్నారు. వేసవిలో క్యాను రాని రోజుల్లో మాత్రం బోరు. ఆ బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇమ్మని చెప్పాను. వరండాలో ఆ పిల్ల తమ్ముడు, నాలుగేళ్ళవాడు, అక్క బ్రష్షు నోట్లో పెట్టుకుని పేస్టు చీకుతున్నాడు. వాడి చేతిలోంచి బ్రష్షు తీసుకుని కడిగాను. వాడి పెద్దపళ్ళు ఇప్పుడే ఎముక లోపల కట్టుకుంటున్నాయి. వాడి బ్రష్షుమీద బఠాణీ గింజకు మించకుండా మా చెల్లెలిచేతే పెట్టించి, గిన్నె పట్టుకుని వాడిముందు కూర్చుని, "ఊయ్ అను" అన్నాను. మొదటిసారి మింగాడు. రెండోసారి నీళ్ళతో నేర్పించాను. మూడోసారికి గిన్నెలో ఉమ్మి, వాళ్ళక్క వైపు చూశాడు.